నూకమ్మత్తకి చెప్పిన యుద్ధం

వదినా, ఇంతవరకూ నేను ఏదీ రాసినదాన్ని కాదు. సుంగై సుమున్ రబ్బరు ఎస్టేటు తెలుగు బడిలో ఆరో తరగతి దాకా చదివినాను, తరవాత సామాన్ల చీటీలు రాసినాను, అంతే. తప్పులుంటే నవ్వుకో. నవ్వడం నీకు కష్టమేమీ కాదు కదా.

మరి ఎందుకు రాస్తున్నావు, ఫోను లేదా అంటావు. ఉంది. ఫోనులో నీతో మాట్లాడ్డం నా వల్ల అవుతుందేటి? నువ్వు మొదలెడితే క్లాంగు రైలే. నేను "అది కాదు వదినా" అనేలోగా "సరే సరే, అమ్మకివ్వు" అంటావు. మా అబ్బాయి కవిన్ని అడిగితే "వాయిస్ పంపు లా, మా" అన్నాడు. మొదలెట్టినాను. నా గొంతు నేనే విని, సిగ్గేసి తుడిచేసినాను. కాగితానికైతే గొంతుండదు. నువ్వు మధ్యలో అడ్డం రాలేవు కూడాను.

మీ అమ్మ కంటి ఆపరేషను తారీకు నేనే పోగొట్టినానని నువ్వు క్లాంగంతా చెప్పినావట. గోపాలకృష్ణ బాబయ్య కొత్తింట్లో, అందరూ అరిటాకుల ముందు కూచుని ఉండగా, "శాంతకి మా అమ్మకి చూపు రావడం ఇష్టం లేదు" అన్నావట. ఎవరు చెప్పినారని అడక్కు, చెప్పను.

అబ్బా, ఏటి మాట వదినా అది! సాంబారు వడ్డిస్తూ అనే మాటేనా?

అసలు తప్పెవరిదనుకున్నావు? నీ కూతురు నంతినిది. అది తెచ్చిన ఆ ఫ్రాన్సు సినిమాది. నవ్వకు. మొదట్నుంచీ చెప్తాను. నీకు తెలిసిందే చెప్పినా ఓపిక పట్టు, వరస తప్పితే నాకు మళ్ళీ దొరకదు.

నూకమ్మత్త ఎడం కన్ను ఎప్పుడో ఎస్టేటు ఆస్పత్రిలో కోసి పాడుచేసినారు. కుడి కంటికి ఇప్పుడు శుక్లం. వాన పడుతున్నప్పుడు కారు అద్దంలోంచి చూసినట్టుంటుందట, మనిషొచ్చినట్టు తెలుస్తుంది గాని ఎవరో తెలీదు. చెవులు మాత్రం భేషు. పక్కింట్లో చేప వేపుతుంటే ఆ చప్పుడు విని ఏ చేపో చెప్తుంది.

అలాంటి మనిషికి టీవీ లేకపోతే రోజు గడవదు. సాయంత్రమైతే పేము కుర్చీలో కూచుంటుంది. పక్కన నేలమీద నేను, వంకాయలో చిక్కుళ్ళో ముందేసుకుని. అరవ సీరియళ్ళ మాటలు తనకే వినబడతాయి. కనబడనిది నేను చెప్పాలి. "తలుపు వెనకాల ఎవరో నిలబడి వింటున్నారత్తా." "కోడలు పాలల్లో ఏదో కలిపింది." "ఆఁ, ఇప్పుడు అత్తగారు గ్లాసు మార్చేసింది!" ఇదీ నా పని.

నీ తమ్ముడు చెప్పకూడదా అంటే, ఆయన ఫాక్టరీ నుంచొచ్చి ఎప్పుడైనా కూచుంటాడు. "కొడుతున్నాడు. పడినాడు." అయిపోయింది. అది చెప్పడమా? అత్తేమంటుందో తెలుసా? "ఆడి నోట్లో ముత్తేలున్నాయి, రాలిపోతాయని బయం" అంటుంది.

నేనూ బయట అంతే కదా. పెళ్ళికెళ్తే తాంబూలం పళ్ళెం పట్టుకుని స్తంభం పక్కన నిలబడతాను. బజార్లో బేరమాడాలంటే కవిన్ని ముందుకు తోస్తాను. ఆ కుర్చీ పక్కన కూచున్నప్పుడు మాత్రం నా నోరు ఆగదు. నీకిది తెలీదు, ఎందుకంటే నువ్వొచ్చినప్పుడు నువ్వే మాట్లాడతావు.

ఆ ఆదివారం మీరొచ్చినారు. మంగళవారం ఆపరేషను, ధైర్యం చెప్పడానికని. నువ్వు ధైర్యం చెప్పినావు, అబ్బో, ఎంత గట్టిగా చెప్పినావంటే అత్త జ్వరం తెచ్చుకుందేమో అనుకున్నాను. వెళ్ళేముందు నంతిని నా చేతిలో ఆ చిన్న పెన్‌డ్రైవు పెట్టింది. కాలేజీలో ఫ్రెంచి భాష చదువుతోంది కదా, మేస్టారు చూడమన్న సినిమాట. "చాలా కామెడీ అత్తా. యుద్ధం చెయ్యడం ఇష్టం లేని సోల్జర్లు. అమ్మమ్మ బాగా నవ్వుద్ది. కింద మలాయిలో రాసుంటాది, ఈజీ లా."

ఈజీ లా! దానికి ఈజీ.

మీరెళ్ళినాక పెట్టినాను. వాళ్ళు మాట్లాడుతుంటే నోట్లో వేడి ఉండ్రాయి పెట్టుకున్నట్టుంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కింద మలాయి అక్షరాలు వచ్చినాయి. మలాయి నాకు వచ్చును, కాని నేను మొదటి మాట కూడబలుక్కునేలోగా ఆ వరస పోయి ఇంకో వరస వచ్చేస్తోంది. చదవడమా, చూడడమా, చెప్పడమా?

"ఏటే, సెప్పవేటి?" అన్నాది అత్త.

"యుద్ధం అత్తా. జర్మనీ వాళ్ళతోటి. వీళ్ళు ఫ్రాన్సు వాళ్ళు."

"మన జపానోళ్ళ టైములోనా?"

"ఆ కాలమే."

"అది అయిపోనాది గదా. మరింకేటి సూడ్డానికి?"

"వీళ్ళకి యుద్ధం చెయ్యడం ఇష్టం లేదట."

అత్త కుర్చీలో ముందుకి వంగినాది. "ఇష్టం నేదా? సిపాయిలకా?"

అప్పుడే బొమ్మలో తెల్లారినాది. సిపాయిలు ఆవలిస్తూ, గుండీలు పెట్టుకుంటూ వరసగా నిలబడినారు. పెద్ద మీసాల ఆఫీసరొకడు సైకిలు మీదొచ్చి, కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. వాణ్ణి ఏమనాలో నాకు తెలీలేదు వదినా. నోట్లోంచి ఊడిపడింది.

"మండోరొచ్చినాడత్తా, సైకిలు మీద. పెరట్టు తీస్తున్నాడు."

నీకు గుర్తుందా పెరట్టు? ఎస్టేటులో చీకటుండగానే అందరూ దీపాలు పట్టుకుని నిలబడితే, మండోరు పేర్లు పిలిచి ఎవరు ఏ చెట్లు గియ్యాలో చెప్పడం? నువ్వూ నేనూ పిల్లలం, చూసినాం అంతే. అత్త దాంట్లోనే ముసలిదైంది. రబ్బరు పాల మరకలు ఆవిడ చీరలకి ఎప్పుడూ పోలేదు కదా.

ఆ మాట వినగానే ముఖం ఎలా వెలిగిందనుకున్నావు! "ఎవులెవులు రానేదు?" అన్నాది. సిపాయిల సంగతి కాదు, ఎస్టేటు సంగతే అన్నట్టు.

ఇంకేముంది. ఆ ఫ్రాన్సు పేర్లకి నాకు నోరు తిరగదు కదా, మనవాళ్ళ పేర్లు పెట్టేసినాను. లావుగా వంటవాడొకడున్నాడు, వాడు రొట్టెల కొట్టు అప్పలసామి. వెదురుగడలాంటివాడు బస్సు కండక్టరు పువనేశన్. కళ్ళజోడువాడు మన యోగేశ్వరన్ కిరాణి, ఎస్టేటు ఆఫీసులో లెక్కలు రాసేవాడు.

"అప్పలసామా! ఆడు పెరట్టుకి ఏనాడొచ్చినాడు గనక!" అని అత్త తొడ చరుచుకున్నాది.

సినిమాలో పెద్ద సైన్యమంతా ఒకవైపు వెళ్తుంటే, ఈ ముగ్గురూ మెల్లిగా వెనకపడి రెండోవైపు నడుస్తారు. ప్రతి సందులోనూ బోర్డు చూసి, కావాలనే తప్పు దారి పడతారు. మండోరు సైకిలేసుకుని వెతుకుతాడు. వీళ్ళు ఒక రైతు ఇంట్లో, జున్నుముద్దలు దాచే నేలకొట్టులో దూరతారు. ఒకచోట పువనేశన్ దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని మూలుగుతుంటాడు. ఎందుకు కట్టుకున్నాడో నాకేం తెలుసు? చలేమో. దెబ్బేమో.

"కడుపునొప్పని పడుకున్నాడత్తా" అన్నాను.

"తప్పు తప్పు! కడుపునొప్పనకూడదే. మండోరు ఆముదం తాగించీసీవోడు. పన్నునొప్పనాల. పన్నునొప్పికి ఎస్టేటులో మందు నేదు."

"అవునత్తా, నేనే సరిగ్గా చూళ్ళేదు. దవడకే గుడ్డ కట్టినాడు. పన్నునొప్పే."

"మరదీ! తెలివైనోడు."

తరవాత కిరాణి, మండోరు జేబులోంచి దారుల పటం కొట్టేసి, పొదుగుతున్న బాతు కింద పెట్టేస్తాడు. మండోరు ఇల్లంతా తిరగేస్తాడు, బాతుని మాత్రం లేపడు, అది బుస్సుమంటుంది. నేను మండోరు గొంతు పెట్టి "ఎక్కడ్రా నా పటం!" అని అరిచినాను. నేనే వదినా! ఆ గొంతు ఎవరిదా అని నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను. అత్త నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడినాయి. గోడవతలి నుంచి ప్రవీన్ వాళ్ళమ్మ "ఏం జరుగుతోంది అక్కడ?" అని కేకేసింది.

పెళ్ళై వచ్చినాక నా మాటకి ఇంతలా ఎవరూ నవ్వలేదు. ఇది కూడా రాసుకో.

చివరికి ముగ్గురిలో ఇద్దరు వాళ్ళ ఊరి దగ్గరకొచ్చేసినారు. కొండ మీంచి ఇళ్ళు కనబడుతున్నాయి, పొగ లేస్తోంది. అప్పుడే బయట నీ తమ్ముడి మోటారు సైకిలు చప్పుడు. అన్నం ఇంకా వార్చలేదు. బొమ్మ ఆపేసి, "ఇళ్ళకెళ్ళిపోయినారత్తా, అందరూ భోంచేసినారు, అయిపోయింది" అనేసినాను.

"మంచి బొమ్మ" అన్నాది అత్త, పళ్ళు పెట్టుకుంటూ. "ఒక్కడూ సావనేదు. సిపాయిలంటే ఈళ్ళు."

నవ్వించినానని నేను మురిసిపోయినాను. పాఠం చెప్పినానని నాకు తెలీదు.

సోమవారం పొద్దున్న లేచి చూస్తే, అత్త దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని కూచుంది.

"ఏమైందత్తా?"

"పన్నునొప్పే. రేపు కదల్నేను."

"అత్తా, నీ పళ్ళు అదిగో, కప్పులో ఉన్నాయి."

తువ్వాలు ఇంకా గట్టిగా బిగించింది. "సిగుళ్ళు" అన్నాది.

నేను వంటింట్లోకెళ్ళి నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వినాను. నీ తమ్ముడికి చెప్పలేదు. ముసలిదానికి భయంగా ఉంది, కాసేపు ఆడుకోనీ అనుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, చప్పుడు తగ్గించి ఆ సినిమా మిగిలిన ముక్క నేనొక్కదాన్నే చూసినాను. చూసి, తీసేసి, బట్టలు మడత పెట్టుకున్నాను. దాని సంగతి తరవాత చెప్తాను.

మంగళవారం సంగతి నువ్వు ఫోనులో సగం విన్నావు. నీ తమ్ముడు సెలవు పెట్టినాడు, ప్రవీన్ కారు అడిగి తెచ్చినాడు. అత్తకి మంచి చీర కట్టినాను. ఎక్కబోతుండగా చూస్తే ఐసీ లేదు. గుర్తింపు కార్డు లేకపోతే ఆస్పత్రిలో పేరే రాయరు కదా. దిండు కింద చూసినాం, దేవుడి గూట్లో చూసినాం, తమలపాకుల పెట్టెలో చూసినాం. నీ తమ్ముడు మంచం ఎత్తి నిలబెట్టినాడు.

"అమ్మా, ఎక్కడ పెట్టినావే?"

"నాకేటి కనబడతాది నాయినా? గుడ్డిదాన్ని" అన్నాది, మహారాణిలా కూచుని.

నువ్వు ఫోను మీద ఫోను. నీ తమ్ముడు ఫోను చెవిలో పెట్టుకుని ఒక్క చేత్తో బీరువా వెతుకుతున్నాడు. ఆ హడావిడిలో టైము దాటిపోయింది. తారీకు పోయింది. మళ్ళీ ఎప్పుడో చెప్తామన్నారు. నువ్వు నన్ను పిలిచి తిట్టినావు, "ఇంట్లో ఉన్న ఒక్క కార్డు చూసుకోలేవా" అని. నేను ఊఁ కొట్టినాను.

ఇంతవరకూ నీకు తెలుసు. ఇకముందుది నీ తమ్ముడికి కూడా తెలీదు.

నీ తమ్ముడు బీరువా వెతుకుతుండగా నేను పెరట్లోకెళ్ళినాను. పొదుగుతున్న పెట్ట గుడ్ల మీద సరిగ్గా కూచోకుండా ఇటూ అటూ కదులుతోంది. ఏదో అనిపించి చెయ్యి పెట్టినాను. పొడిచింది. గుడ్ల కింద గట్టిగా, వెచ్చగా, నున్నగా ఏదో తగిలింది. తీసినాను. అత్త ముఖం! ఫోటో మీద కొంచెం రెట్ట.

తడుముకుంటూ ఎప్పుడెళ్ళి పెట్టిందో! ఆ కోళ్ళ గూడు ఆవిడకి కళ్ళక్కర్లేదులే.

నవ్వుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చినాను. ఇంకా టైముంది వదినా. నిజం చెప్తున్నాను, అప్పుడు బయల్దేరినా అందేవాళ్ళం. అత్త వంటింట్లో పీట మీద కూచునుంది. నా అడుగుల చప్పుడు విని, మెల్లిగా, "దొరికిందేటే?" అన్నాది.

నేను పీట పక్కన చతికిలబడినాను.

"పొడిసిందా?" అని నా చెయ్యి పట్టుకుని, పెట్ట పొడిచిన చోటు వేలితో తడిమింది. "ఒక్కటే ఉన్నాదే నాకు. ఆ ఒక్కటీ..." అని ఆపేసింది.

కార్డు నడుం దగ్గర దోపుకుని హాల్లోకెళ్ళి, "పెరట్లో కూడా లేదు" అన్నాను.

జాలిపడ్డావా అంటావు. ఆఁ, జాలే. ఎవరైనా పడతారు. జాలి ఒక్కటే అయితే నేనీ కాగితం రాయకపోదును.

గోపాలకృష్ణ బాబయ్య ఇంట్లో నువ్వన్న మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అబద్ధమైతే అంత గుచ్చుకోదు కదా? అప్పుడు కూచుని ఆలోచించుకున్నాను. అత్తకి చూపొస్తే, పేము కుర్చీ అక్కడే ఉంటుంది, టీవీ అక్కడే ఉంటుంది. తలుపు వెనకాల ఎవరున్నారో తనే చూసుకుంటుంది. ఇక నేలమీద కూచుని నేనేటి చెయ్యాలి? చిక్కుళ్ళు ఒలుచుకోవాలి. నోరు మూసుకుని.

కార్డు నడుంలో దోపుకున్నప్పుడు ఇదంతా నాకు తెలుసునా, తెలీదా? తెలీదనే అనుకుంటాను. కాని వదినా, ఆ సాయంత్రం సీరియల్ చెప్పేటప్పుడు నా గొంతు ఎంత హుషారుగా ఉందో నాకు గుర్తుంది.

అందుకని నువ్వన్నది సగం నిజం. మిగిలిన సగం నీ నోరు.

నిన్న సాయంత్రం అత్త, "ఆ సిపాయిల బొమ్మ మల్లీ ఎయ్యే" అన్నాది. వేసినాను. మండోరొచ్చినాడు, పెరట్టు తీసినాడు, బాతు బుస్సుమంది, అత్త నవ్వింది. ఇద్దరూ ఊరి దగ్గరకొచ్చినారు, పొగ కనబడింది.

ఈసారి ఆపలేదు.

"ఇల్లకెల్లినారా?" అన్నాది.

"లేదత్తా. నిలబడినారు. వెనక్కి చూస్తున్నారు."

"ఎందుకూ?"

"అప్పలసామి లేడు. జర్మనీ వాళ్ళకి దొరికిపోయినాడు. బాతుని వదల్లేక ఆగినాడు, బాతుతో సహా పట్టుకున్నారు."

"ఓలి ఎర్రోడా!" అని అత్త కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాది. "ఈళ్ళేటి సేస్తన్నారు?"

"కొట్టుకుంటున్నారు. నీ వల్లంటే నీ వల్ల. పువనేశన్ టోపీ తీసి నేలకేసి కొట్టినాడు. ఇప్పుడు మళ్ళీ తీసి పెట్టుకున్నాడు. వెనక్కి నడుస్తున్నారత్తా."

"ఇల్లు కనబడతా ఉంటేనా?"

"కనబడుతూనే ఉంది."

"తిట్టుకుంటానే ఎల్తన్నారా?"

"తిట్టుకుంటూనే. ఒకడి కాలొకడు తొక్కుకుంటున్నారు."

"మరి బతికినారా?"

"అక్కడే ఆపేసినారత్తా. దారి మీద ఇద్దరూ చిన్నగా కనబడుతున్నారు. పాటొస్తోంది."

"ఇదేటి బొమ్మే! సగంలో ఆపీడానికా అంత దూరం తిప్పినారు?" అని ఆ తీసినవాణ్ణి, వాడి తాతనీ కలిపి తిట్టింది. తరవాత గొంతు మార్చి, "మొన్న ఇల్లకెల్లి బువ్వ తిన్నారన్నావు?"

"అబద్ధం చెప్పినాను."

"ఏం?"

"నువ్వు నవ్వుతున్నావని."

వీధిలో రొట్టెల బండి హారను కొట్టుకుంటూ పోయింది. నేను ఏమీ కల్పించలేదు. చెప్పడానికి బొమ్మ లేదు కదా.

అప్పుడన్నాది అత్త. "కత్తికి కాదే నా బయం. ఆ ఎస్టేటు ఆస్పత్రిలో మొకం మీద గుడ్డేసినారు. సుట్టూ ఎవులెవులో ఇంగిలీసులో మాటాడుకుంటన్నారు. ఏదో కింద పడినాది. ఎవులో నవ్వినారు. నన్ను సూసి నవ్వినారో, ఆల్లలో ఆల్లే నవ్వుకున్నారో. ఏటి జరుగుతందో ఒక్కడూ సెప్పనేదు. సీకటి నాకలవాటే. సెప్పీవోళ్ళు నేని సీకటి..."

చెయ్యి చాపి నా తల వెతుక్కుంది. "నువ్వు నోపలికొస్తావేటే? వస్తే నానొస్తాను."

"రానివ్వరత్తా."

"అడిగినావా?"

"అడగలేదు."

"మరింకేటి సెప్తన్నావు?"

చూసినావా? నువ్వు ఎంత అరిచినా రాని మనిషి, దీనికొస్తానంది. అడగాల్సింది నేను. కౌంటరు దగ్గర నా పేరు చెప్పడానికే నీ తమ్ముణ్ణి వెతుక్కునే నేను.

పొద్దున్న లేచి, అన్నం వండి పెట్టి, కార్డు సబ్బుతో కడిగి, మా బంటింగ్ నుంచి క్లాంగు బస్సెక్కినాను. ఒక్కదాన్నే. మీ వీధి ముందునుంచే వెళ్ళినాను, దిగలేదు. దిగితే నువ్వే వచ్చి మాట్లాడేస్తావు.

కంటాస్పత్రి కౌంటరు దగ్గర నా నంబరు పిలిచినారు. వెళ్ళి నిలబడినాను. తలకి గుడ్డ కట్టుకున్న మలాయి పిల్ల, "ఊఁ, అక్కా?" అన్నాది. కార్డు ముందు పెట్టినాను. కొత్త తారీకు కావాలన్నాను. మొదటి తారీకుకి ఎందుకు రాలేదని అడిగింది.

"కార్డు కోడి కింద ఉండిపోయింది" అన్నాను.

ఆ పిల్ల నా ముఖం చూసింది. కార్డు చూసింది. పక్కనున్న ఇద్దర్ని పిలిచి, "అక్కా, ఇంకోసారి చెప్పు" అన్నాది. చెప్పినాను. కోడి కంటే ముందు బాతు సంగతి చెప్పాలి కదా, అదీ చెప్పినాను. పన్నునొప్పి చెప్పినాను. వెనక వరసలో నిలబడ్డ చీనా తాత కూడా నవ్వినాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, ఎవరో రాలేమన్నారని, గురువారం ఖాళీ ఉందని రాసింది.

"ఇంకోటుంది" అన్నాను. అది తన చేతిలో లేదంది, డాక్టరునడగాలంది. కూచున్నాను. వెళ్ళిపోదామని లేచినాను కూడాను. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూచున్నాను.

డాక్టరు చిన్నవాడే, మన కవిన్ కంటే కాస్త పెద్దేమో. ఆపరేషను జరిగినంతసేపూ మా అత్త తల దగ్గర నిలబడి, ఏం జరుగుతోందో ఆవిడకి మా భాషలో చెప్తానన్నాను. వాడు నవ్వలేదు. వేలి గోరు చూపించి, "ఆంటీ, జరిగేదంతా ఇంత చోటులోనే. మీకేమీ కనబడదు, కనబడినా అర్థం కాదు" అన్నాడు.

"ఆ సినిమా కూడా నాకర్థం కాలేదు డాక్టరుగారూ. అయినా చెప్పినాను" అన్నాను.

"ఏ సినిమా?"

ఇక అది కూడా చెప్పాల్సొచ్చింది. ఎస్టేటు ఆస్పత్రి సంగతి చెప్పేటప్పటికి వాడు పెన్ను కింద పెట్టేసినాడు. ఆవిడ కదలకుండా పడుకుంటుందా అనడిగినాడు. నేను చెప్తుంటే కదలదన్నాను. పెద్ద నర్సుని పిలిచి ఏదో మాట్లాడుకున్నారు. చివరికి, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, ఏదీ ముట్టుకోకూడదు, కళ్ళు తిరిగితే బయటికి పంపేస్తాం అన్నాడు. "నేను చెప్పిందే చెప్పాలి ఆంటీ. సొంతంగా ఏమీ కలపకూడదు."

సరే అన్నాను. అది మాత్రం గురువారం చూద్దాం.

చూపొచ్చినాక ఆ కుర్చీ పక్కన నాకేం పనుంటుందో నాకు తెలీదు వదినా. ఉండకపోతే ఉండదు, ఏం చేస్తాం. నువ్వు పొద్దున్నే కారు తీసుకురా. బయట బెంచీలు బాగానే ఉన్నాయి, ఫ్యాను కూడా ఉంది.

లోపలికి ఒక్కరినే రానిస్తారట. నా పేరు రాయించేసినాను.